తెల్లబారిన శనక్కాయ చేనుకు అన్నభేది
తెగులు మందు కొనే ముందు ఆకును చూడండి

శనక్కాయ విత్తి నెల దాటింది. నాలుగు వానలు పడ్డాయి, చేను గుబురుగా లేచింది. ఐదో వాన గట్టిగా కురిసి పల్లం వైపు రెండు రోజులు నీళ్లు నిలిచాయి. నీరు ఇంకిన తరువాత రైతు గట్టు మీద నిలబడి చూస్తే, పచ్చటి చేనులో అక్కడక్కడా మజ్జిగ చల్లినట్లు తెలుపు. నాలుగు రోజులు గడిచేసరికి ఆ తెలుపు చాళ్లకు చాళ్లే పాకింది.

ఒక మొక్కను వేళ్లతో సహా పీకి, తుండుగుడ్డలో చుట్టుకుని, రైతు మండల కేంద్రానికి బస్సెక్కుతాడు. మందుల అంగట్లో ఆ మొక్కను అటూ ఇటూ తిప్పి చూసి 'తెగులు పడింది' అంటారు. బూజు తెగులుకు ఒక పొట్లం, పురుగు ఉంటే పోతుందని ఒక సీసా, పైరు తేరుకోవడానికని ఒక టానిక్కు డబ్బా. చేతిలో దుడ్లు లేకపోతే ఖాతాలో రాసుకుంటారు. శనక్కాయలు అమ్మినప్పుడు వడ్డీతో కట్టాలి. మూడు మందులూ కలిపి కొట్టినా చేను తెల్లగానే ఉంటుంది.

ఉండక ఏంచేస్తుంది? అది తెగులు కాదు, పురుగూ కాదు. ఇనుము అందక మొక్క ఆకలితో పాలిపోయింది. దానికి కావలసిన మందు పచ్చటి పలుకుల్లాంటి అన్నభేది. ఎకరానికి ఒక దఫాకు ఒక్క కిలో చాలు. అంగట్లో కొన్న మూడు మందుల ఖరీదులో దీని ఖరీదు ఏ మూలకూ రాదు. బహుశా అందుకే దీన్ని గురించి గట్టిగా చెప్పేవారు తక్కువ.

ఆకు చెప్పే గుర్తులు

పైరు పసుపు పచ్చబడితే కారణం ఒకటే అనుకోవడం పొరపాటు. పసుపులో తేడాలున్నాయి. ఏ ఆకు ముందు పాలిపోయింది, ఈనెల రంగు ఏమిటి, మచ్చలున్నాయా లేవా అన్న మూడు సంగతులు చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఇనుము లోపం ఎప్పుడూ కొత్త ఆకుల్లోనే మొదలవుతుంది. మొక్క ఒకసారి పాత ఆకులో ఇముడ్చుకున్న ఇనుమును తిరిగి తీసి కొత్త చిగురుకు పంపలేదు. అందువల్ల కింది ఆకులు పచ్చగానే ఉండి, పైనున్న లేత ఆకులు పాలిపోతాయి. మొదట్లో ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య భాగం లేత పసుపుగా, వల పరచినట్లు కనిపిస్తుంది. లోపం ముదిరితే ఈనెలు కూడా పాలిపోయి ఆకు మొత్తం కాగితంలా తెల్లనవుతుంది. ఆ తరువాత అంచులు మాడిపోతాయి. మచ్చలు మాత్రం ఉండవు.

నత్రజని తక్కువైతే దీనికి సరిగ్గా తలకిందులు. కింది ముదురు ఆకులు ముందుగా, ఈనెలతో సహా ఒకే తీరుగా పసుపు పచ్చబడతాయి. మెగ్నీషియం లోపంలో ఈనెల మధ్యే పసుపు వస్తుంది గానీ, అదీ ముదురు ఆకుల్లోనే.

తిక్కా తెగులు సంగతి వేరు. అది శిలీంధ్రం, అంటే బూజు జాతి సూక్ష్మజీవి తెచ్చేది. ముదురు ఆకుల మీద గుండ్రని నల్లటి, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. తొందరగా వచ్చే రకం మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఆకులు రాలిపోతాయి. తుప్పు తెగులులో ఆకు అడుగున ఇటుక రంగు పొక్కులు లేచి, వేలితో రుద్దితే పొడి అంటుకుంటుంది. పేరులో తుప్పు ఉంది కదా అని దీనికి ఇనుముతో చుట్టరికం కలపకూడదు. రంగును బట్టి పెట్టిన పేరే తప్ప ఇదీ శిలీంధ్రమే. ఇనుము తక్కువైనా ఎక్కువైనా ఈ తెగులు రాదు.

ఇంత చూసినా అనుమానం తీరకపోతే ఒక సులువైన పరీక్ష ఉంది. గ్లాసెడు నీళ్లలో అర చెంచా కంటే తక్కువ, అంటే సుమారు ఒక గ్రాము అన్నభేది, చిటికెడు నిమ్మఉప్పు కలిపి, తెల్లబారిన మొక్కలు నాలుగింటిని ఎంచుకుని ఆకులను ఆ నీటితో తడపాలి. గుర్తుకు పక్కన ఒక పుల్ల గుచ్చాలి. వారం లోపల తడిపిన ఆకులకు పచ్చదనం తిరిగి వస్తే అది ఇనుము లోపమే. రాకపోతే మరో కారణం వెదకాలి. ఒక వారం ఆగితే చేను ఏమైపోతుందోనన్న భయం సహజమే. కానీ తప్పు మందు కొడితే పోయేది వారంతో పాటు డబ్బు కూడా.

నేల నిండా ఇనుమే, మొక్కకు మాత్రం లేదు

'మా నేలలో ఇనుము లేకపోవడమేమిటి? ఎర్రమట్టి ఎరుపే ఇనుముది కదా' అని అడిగే రైతులున్నారు. వారు అడిగేది నిజమే. ఎకరా పొలంలో పై ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో నూటికి 2 పాళ్లు ఇనుము అనుకున్నా 18 వేల కిలోలు. మొక్కకు కావలసింది గ్రాముల్లోనే.

చిక్కంతా ఆ ఇనుము ఉన్న రూపంలో ఉంది. గాలి తగిలే నేలలో ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది. తుప్పు నీటిలో కరగదు. నేలలో పులుపు కాస్త ఉంటే కొద్దిగా కరుగుతుంది. సున్నం పాలు పెరిగేకొద్దీ అదీ తగ్గిపోతుంది. భూసార పరీక్ష కాగితంలో పి.హెచ్. అని ఒక అంకె రాస్తారు. అది ఒక అంకె పెరిగితే, ఉదాహరణకు 7 నుంచి 8కి వెళితే, తుప్పు రూపంలోని ఇనుము కరిగే గుణం వెయ్యో వంతుకు పడిపోతుంది. సున్నపు గుళ్లు తేలిన నల్లనేలల్లోను, అడుగున సుద్ద పొర ఉన్న ఎర్రనేలల్లోను శనక్కాయ తెల్లబారడానికి కారణం ఇదే. అటువంటి చోట నీరు నిలిస్తే సున్నం కరిగి బైకార్బొనేటు అనే లవణం పెరుగుతుంది. వేరుకు దొరికే ఆ కాస్త ఇనుమునూ అది అందనివ్వదు. వాన వెలిసిన నాలుగు రోజులకు చేను తెల్లబడటం వెనుక కథ అది. కొన్ని బోర్ల నీటిలోనే ఈ లవణం ఎక్కువగా ఉంటుంది. అటువంటి నీరు పారించిన మడుల్లో వాన లేకపోయినా ఇదే జరుగుతుంది.

నేలలో అన్నభేది చల్లితే సరిపోదా అంటే, సున్నపు నేలల్లో సరిపోదు. చల్లిన అన్నభేది కొద్ది రోజుల్లోనే తుప్పుగా మారి, 18 వేల కిలోలకు మరికొంత చేర్చినట్లవుతుంది. అందుకే ఆకు మీద పిచికారీ చేయమంటారు.

సిరా నుంచి చేను దాకా

అన్నభేది మనకు కొత్త వస్తువు కాదు. వెనుక కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవారు. కరక్కాయలోని వగరుతో ఇనుము కలిస్తే చెరగని నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరవేసి నల్లరంగు తీస్తారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఆ నీటితో గీత గీస్తే అది నల్లబడుతుంది. అక్కడా పని చేసేది ఇనుమూ, కరక్కాయ వగరూనే. నెత్తురు తక్కువైన వారికి ఆస్పత్రిలో ఇచ్చే ఇనుప మాత్రల్లోనూ చాలాకాలంగా ఉన్నది ఈ లవణమే. తెల్లబారిన చేనుకూ పాలిపోయిన బాలింతకూ మందు ఒకటే కావడం చిత్రంగా ఉన్నా నిజం.

దీన్ని పైరు మీద మొదట ప్రయత్నించి చూపినది ఫ్రాన్సులో యూజెబ్ గ్రి అనే ఆయన. 1843, 1844 సంవత్సరాల్లో పాలిపోయిన ఆకుల మీద అన్నభేది నీరు పూసి, అవి తిరిగి పచ్చబడటం లోకానికి చూపాడు. పైన చెప్పిన నాలుగు మొక్కల పరీక్షకు మూలం అదే.

కలపవలసిన పాళ్లు

వేరుశనగకు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతున్న మోతాదు ఎకరాకు 200 లీటర్ల నీటిలో 1 కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మఉప్పు. అంటే లీటరుకు 5 గ్రాములు, 1 గ్రాము. వారం ఎడంగా రెండుసార్లు పిచికారీ చేయాలి. ఒక్కసారితో ఆపితే అప్పటికున్న ఆకులు పచ్చబడతాయి గానీ, తరువాత వచ్చిన చిగుళ్లు మళ్లీ తెల్లబారతాయి. ఒక ఆకు ఇనుము మరో ఆకుకు పోదని ముందే చెప్పుకున్నాం.

నిమ్మఉప్పు ఎందుకని చాలామంది వదిలేస్తారు. వదలకూడదు. మన బావుల, బోర్ల నీరు ఎక్కువగా ఉప్పదనం, సున్నం కలిసినది. ఉత్త అన్నభేది అటువంటి నీటిలో వేస్తే అరగంటలో నీరు ఎర్రబడి అడుగున మడ్డి దిగుతుంది. ఆ మడ్డి తుప్పే. నాజిల్ పూడుకుపోవడం తప్ప దానితో పైరుకు ఒరిగేదేమీ లేదు. కాబట్టి ముందు నీటిలో నిమ్మఉప్పు కరిగించి, తరువాత అన్నభేది వేయాలి. ఏ పూటకు కావలసినది ఆ పూటే కలుపుకోవాలి. కలిపిన నీరు లేత ఆకుపచ్చగా ఉండాలి. ఎర్రబడితే పారబోయాలి.

కొనేటప్పుడూ రంగు చూసుకోవాలి. మంచి అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉంటుంది. నూటికి సుమారు 20 పాళ్లు ఇనుము అందులో ఉంటుంది. గాలి, చెమ్మ తగిలి నిలవ ఉన్నది పసుపు, గోధుమ రంగు పొడిగా మారుతుంది. అది ఎంత చౌకగా ఇచ్చినా వద్దనాలి. ఇంట్లో నిలవ చేస్తే మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, పిల్లలకు అందని చోట పెట్టాలి. పిల్లలు నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఎండ వేళ కొట్టకూడదు. సాయంత్రం చల్లబడ్డాక కొడితే ఆకు తడి ఎక్కువసేపు నిలిచి మందు ఇంకుతుంది. పాళ్లు పెంచితే త్వరగా గుణమిస్తుందని రెట్టింపు కలిపేవారున్నారు. లేత శనక్కాయ ఆకు తట్టుకోలేదు, మాడిపోతుంది. సున్నంతో గానీ, బోర్డో మిశ్రమంతో గానీ, పురుగు మందులతో గానీ కలిపి కొట్టవద్దు.

మెట్ట వరి నారుమళ్లలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. నీరు నిలిచిన మడిలో ఇనుము కరుగుతుంది కనుక దమ్ము చేసిన చోట సాధారణంగా ఈ బాధ ఉండదు. పొడి నారుమడిలో లేత ఆకులు తెల్లబారితే లీటరుకు 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మఉప్పు పాళ్లు చెబుతారు. వరి పాళ్లు తెచ్చి శనక్కాయకు కొడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

గడ్డి మైదానాల సంగతి

ఇక్కడ మరో ముచ్చట చెప్పుకోవాలి. 'అన్నభేది కొడితే బూజు తెగుళ్లు కూడా ఆగుతాయట, విదేశాల్లో అలాగే చేస్తున్నారట' అన్న మాట ఇటీవల చేతి ఫోన్ల ద్వారా పల్లెలకూ చేరింది. విన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ నిజం ఏ గడ్డి మీద, ఏ చలిలో, ఎంత మోతాదుతో అన్నది తెలియకుండా తిక్కా తెగులు పట్టిన చేనుకు అన్నభేది కొడితే, ఉన్న పంట పోతుంది.

అక్కడ దీన్ని వాడేది గోల్ఫ్ అనే ఆట మైదానాల్లో. చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలో వేయడం ఆ ఆట. బంతి సాఫీగా దొర్లడానికి గుంట చుట్టూ గడ్డిని 3, 4 మిల్లీమీటర్ల ఎత్తున, చాప పరచినట్లు కోస్తారు. రోజూ కోత పడే గడ్డి కనుక దానికి తెగుళ్ల బాధ ఎక్కువ. చలి, తడి కలిసిన ప్రాంతాల్లో చలికాలమంతా మైక్రోడోకియం అనే శిలీంధ్రం గుండ్రటి గోధుమ రంగు మచ్చలుగా గడ్డిని చంపుతుంది. అమెరికా పడమటి తీరాన ఒరెగాన్ రాష్ట్రంలో, ఇటు ఇంగ్లండు, ఐర్లండుల్లో మైదానాల వారికి ఇది ఏటేటా వచ్చే బెడద.

ఇంగ్లండులో తోటమాలులు ఇసుకలో అమ్మోనియం సల్ఫేటు, అన్నభేది కలిపి గడ్డి మీద చల్లడం పాత అలవాటు. గడ్డిలో పెరిగే పాచి దాంతో నల్లబడి చచ్చిపోతుంది. శిలీంధ్రాల మీద కూడా పని చేస్తుందన్న అనుభవం వారికి ఉంది. బూజు మందుల మీద ఆంక్షలు పెరిగేకొద్దీ ఈ పాత మందు మీదికి చూపు మళ్లింది. మైదానాల్లో ఎక్కువగా వాడే ఐప్రోడియోన్ అనే మందు 2018లో బ్రిటన్‌లో వాడకం నుంచి తొలగిపోయింది.

ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు 2010 తరువాత కొన్నేళ్లపాటు చలికాలాల్లో దీన్ని గడ్డి మడుల్లో కొలతలు వేసి పరీక్షించారు. రెండు వారాలకొకసారి అన్నభేది పిచికారీ చేస్తూ, మోతాదు పెంచుకుంటూ పోయారు. పెంచేకొద్దీ తెగులు తగ్గింది. వారు వాడిన అత్యధిక మోతాదు ఒక్కో దఫాకు హెక్టారుకు సుమారు 98 కిలోలు. మన లెక్కలో ఎకరాకు 40 కిలోలకు కాస్త తక్కువ. మన శనక్కాయకు ఒక దఫాకు చెప్పేది 1 కిలో. తేడా 40 రెట్లు!

ఆ మోతాదు తగిలిన గడ్డి నల్లబడింది, పలచబడింది. ఇనుము మితిమీరితే శిలీంధ్రపు పోగులను ఎలా దెబ్బతీస్తుందో, ఆకునూ అలాగే దెబ్బతీస్తుంది. గడ్డికి అయితే ఫరవాలేదు. అది గింజ కట్టనక్కరలేదు, ఊడ దిగి కాయ ఊరనక్కరలేదు. నల్లబడ్డ కొసలు నాలుగు కోతల్లో పోతాయి. అక్కడ కూడా మైదానాల వారు ఇనుము ఒక్కదాన్నే నమ్ముకోక, నత్రజని తగ్గించడం, మంచు తడి దులపడం, ఇతర మందులతో కలిపి వాడటం చేస్తారు. మరొక సంగతి. ఆ శిలీంధ్రం చలిలోనే పెరుగుతుంది. మన వేసవిని తట్టుకునే మైదానాల్లో వేసే గడ్డి వినాయకచవితికి పూజ చేసే గరిక జాతిదే. దానికి ఆ చలి తెగులు బాధే లేదు.

కనుక తిక్కాకు గానీ, తుప్పుకు గానీ, వరి అగ్గితెగులుకు గానీ అన్నభేది మందు కాదు. లీటరుకు 5 గ్రాముల పాళ్లలో అది శిలీంధ్రాన్ని కదిలించలేదు. కదిలించేటంత పాళ్లలో చేనే మిగలదు.

ఇనుము దాచి తెగులును మాడ్చే సూక్ష్మజీవి

ఇనుముకూ తెగుళ్లకూ మన నేలల్లో ఉన్న సంబంధం ఇంకో తీరుది. అది గడ్డి మైదానాల పద్ధతికి పూర్తిగా ఎదురు. విత్తనశుద్ధికి వ్యవసాయ శాఖ వారు చెప్పే సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్ పొడి చాలామంది రైతులకు తెలుసు. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తారు. ఆ పొడిలో ఉన్నది ఒక మేలు చేసే బాక్టీరియా. వేరు చుట్టూ చేరి, నేలలో కరిగిన ఆ కాస్త ఇనుమునూ పట్టుకునే ఒక పదార్థాన్ని అది విడుదల చేస్తుంది. శిలీంధ్రానికీ బతకడానికి ఇనుము కావాలి కదా! దొరికినదంతా బాక్టీరియా తన వశం చేసుకుంటే, వేరుకుళ్లు, ఎండు తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలు ఆకలితో నీరసిస్తాయి.

ఈ గుట్టును 1980లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ క్లోప్పర్, ఆయన తోటివారు బయటపెట్టారు. తెగుళ్లను సహజంగా అణచే నేలలకు విడిగా ఇనుము కలిపి చూస్తే, ఆ అణచే గుణం పోయింది. శిలీంధ్రానికి తిండి దొరికిందన్నమాట.

దీన్నిబట్టి రైతు తెలుసుకోవలసినది ఒకటుంది. తెగులు ఆగుతుందని అన్నభేదిని మూటలకొద్దీ నేల మీద పోయడం వృథా ఖర్చు మాత్రమే కాదు, వేరు దగ్గర కాపలా కాస్తున్న సూక్ష్మజీవికి అడ్డు తగలడం కూడా కావచ్చు. ఆకు మీద కొట్టే కిలో, రెండు కిలోలతో ఆ భయం లేదు. అందులో ఉన్న ఇనుము కిలోకు 200 గ్రాములే, అదీ ఆకులకే పోతుంది.

వచ్చే ఏటికి

పిచికారీతో ఈ ఏటి పైరు గట్టెక్కుతుంది. నేల మాత్రం మారదు. ఏటా ఒకే చెక్కలో చేను తెల్లబారుతుంటే మూలం నేలలో ఉందని అర్థం. మాగిన పశువుల ఎరువు వేస్తే దాని కుళ్లులోని పులుపు, జిగురు ఇనుమును కొంత కరిగించి పట్టి ఉంచుతాయి. నీరు నిలిచే పల్లానికి కాలువ తీయాలి. ఎత్తు మళ్లలో విత్తడం వల్ల కూడా మేలుంది. సున్నపు నేలకు మళ్లీ సున్నం తోలేవారు అరుదే అయినా, ఇంటి సున్నపు మట్టి, బూడిద చేనుకు తోలే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అటువంటి చెక్కకు వద్దు.

మరో ఉపాయం అంతరపంట. మొక్కజొన్న, జొన్న వంటి గడ్డిజాతి పైర్లు వేరు నుంచి ఒక రసం వదిలి తుప్పు రూపంలోని ఇనుమును కూడా కరిగించుకోగలవు. శనక్కాయకు ఆ నేర్పు లేదు. పక్కన మొక్కజొన్న ఉంటే అది కరిగించిన దానిలో శనక్కాయకూ వాటా దొరుకుతుంది. చైనాలో సున్నపు నేలల్లో శనక్కాయ సాళ్ల పక్కన మొక్కజొన్న వేసి పరీక్షించినప్పుడు, దగ్గరి సాళ్లు పచ్చగా, దూరపు సాళ్లు పాలిపోయి కనిపించాయి. ఆ ఫలితాలు 2000 సంవత్సరంలో వెలువడ్డాయి. మన పెద్దలు శనక్కాయలో జొన్న, సజ్జ సాళ్లు వేసినది పశువుల మేతకే కావచ్చు. మేలు మాత్రం రెండు విధాల జరిగి ఉంటుంది.

భూసార పరీక్షకు మట్టి తీయడానికి అనువైన కాలం పంట తీసిన తరువాత, వేసవి దుక్కికి ముందు. తెల్లబారిన చెక్క మట్టిని, పచ్చగా ఉన్న చెక్క మట్టిని కలపకుండా వేర్వేరు సంచుల్లో తీయాలి. ఇనుప తట్ట, తుప్పు పట్టిన పార వాడితే ఇనుము లెక్క తప్పుతుంది. కర్రతోనో, ప్లాస్టిక్ తట్టతోనో తీయాలి. మండల వ్యవసాయాధికారికి ఇచ్చేటప్పుడు సూక్ష్మ పోషకాల పరీక్ష కూడా కావాలని అడగాలి. అడగకపోతే నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో సరిపెట్టవచ్చు. వచ్చిన కాగితంలో ఇనుము పది లక్షల పాళ్లకు 4, 4.5 కంటే తక్కువగా ఉంటే, విత్తనాలతో పాటే కిలో లెక్కన అన్నభేది, దానికి తగిన నిమ్మఉప్పు తెచ్చి ఇంట్లో పెట్టుకోవచ్చు.